మెడలో తెల్లని చుక్క

పొద్దున్న లేచేసరికి మెడ పట్టేయడం మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. దిండు ఎత్తుగా ఉన్నా, రాత్రంతా ఒకే పక్కకు తిరిగి పడుకున్నా తెల్లవారేసరికి మెడ ఒక వైపుకు బిగుసుకుపోతుంది. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటీ తిప్పడం కుదరదు, మనిషి మొత్తం తిరగాలి. తోటివాళ్ళు నవ్వుతారు. రెండు మూడు రోజులు గడిచాక ఎప్పుడు తగ్గిందో కూడా తెలియకుండా తగ్గిపోతుంది.

రెండేళ్ళ క్రితం మా కోటవురట్లలో, నేను సామాన్యశాస్త్రం చెప్పే బడిలో, ఏడవ తరగతి కుర్రవాడొకడు ఇలాగే వచ్చాడు. ప్రార్థన సమయంలో పిల్లలంతా ఎదురుగా ఉన్న జెండా స్తంభాన్ని చూస్తుంటే, వాడు మాత్రం పక్కనున్న చింతచెట్టును చూస్తున్నాడు. ఆటకాయతనం అనుకుని గదమాయించబోయాను. దగ్గరికి వెళ్తే వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. తల ఎడమ భుజం మీదికి వాలి ఉంది. మూడు రోజులుగా అలాగే ఉందట.

మధ్యాహ్నం వాడి నాయనమ్మ బడికి వచ్చింది. "ఈ మాత్రం దానికి డాక్టరెందుకు మాస్టారూ! సాయంత్రం సెలూనుకాడికి తీసుకెళ్ళి మెడ విరిపించేస్తాను. ఒక్కసారి టక్కుమంటే సరిపోద్ది" అంది.

"అమ్మా, ఇంకేమైనా చెయ్యండి గాని ఆ పని మాత్రం చేయించకండి" అని, మర్నాడు వాడి తండ్రితో కలిసి నేనే వాణ్ణి నర్సీపట్నం తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరుగారు మెడను మెల్లగా నొక్కి చూశారు. గొంతులోకి లైటు వేసి చూశారు. జ్వరం చూశారు. ఆ తరువాత మెడతో సంబంధమే లేదనిపించే పనులు చేయించారు. తన చేతివేళ్ళను గట్టిగా పిసకమన్నారు, గదిలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడవమన్నారు, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి కాలు ఎగురుతుందో లేదో చూశారు. చివరికి ఎక్స్‌రే తీయించి, "మామూలు పట్టే, కండరం బిగిసింది. నాలుగు రోజుల్లో తగ్గుతుంది" అన్నారు. అలాగే తగ్గింది కూడా.

అయితే మెడ పట్టేసినవాడిని నడిపించడం దేనికి? ఉండబట్టలేక అడిగాను. డాక్టరుగారు నవ్వి, ఒక పుస్తకం తీసి అందులోని ఎక్స్‌రే బొమ్మ చూపించారు. అది ఎనిమిదేళ్ళ పిల్లవాడి మెడ. పక్క నుంచి తీసింది. మెడ ఎముకలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు తెల్లగా ఉన్నాయి. ఎముకకు, ఎముకకు మధ్య నల్లని ఖాళీలు. కింది నుంచి రెండవ ఖాళీ నడుమ మాత్రం కందిబద్దంత తెల్లని చుక్క.

"అక్కడ ఎముక ఉండకూడదు మాస్టారూ. అది ఎముక కాదు కూడా" అన్నారు డాక్టరుగారు.

ఆ చుక్క సంగతే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

మీ మెడను మీరే తడిమి చూడండి

తలను బాగా ముందుకు వంచి, గడ్డాన్ని రొమ్ముకు ఆనించండి. ఇప్పుడు మెడ వెనుక వేలితో పై నుంచి కిందికి తడుముతూ రండి. భుజాల దగ్గరకు వచ్చేసరికి ఒక బుడిపె వేలికి గట్టిగా తగులుతుంది. సాధారణంగా అది మెడలోని 7వ వెన్నుపూస. మెడలో ఉన్నవి మొత్తం 7 వెన్నుపూసలే. జిరాఫీకి ఎన్ని ఉంటాయో ఊహించండి. దానికీ ఏడే! చిట్టెలుకకూ ఏడే. జిరాఫీ మెడలో ఒక్కో పూసా జానెడు పొడవు ఉంటుంది, అంతే తేడా. ఏదో ఒకటి రెండు జంతువులలో తప్ప పాలిచ్చే జంతువులన్నింటిలోనూ ఈ లెక్క మారదు.

పైనున్న రెండు పూసలు తలను అటూ ఇటూ తిప్పడానికి ప్రత్యేకంగా ఏర్పడినవి. వాటి మధ్య మెత్త ఉండదు. అక్కడి నుంచి కిందికి ప్రతి రెండు పూసల మధ్యా ఒక మెత్త ఉంటుంది. దీనినే డిస్కు అంటారు. వెన్ను మొత్తంలో ఇలాంటివి 23 ఉన్నాయి. వాటిలో మెడకు చెందినవి 6.

డిస్కు ఎలా ఉంటుందో తెలియాలంటే వేసవిలో తిన్న తాటిముంజను గుర్తు తెచ్చుకోండి. పైన పొర, లోపల జిగురుగా మెత్తని గుజ్జు, దాని నిండా నీరు. వేలితో నొక్కితే లొంగుతుంది, వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది. డిస్కు నడుమనున్న గుజ్జు కూడా అలాంటిదే. పిల్లల డిస్కు గుజ్జులో నూటికి 80 వంతులకు పైగా నీరే. అయితే ముంజ మీది పొర వేలు తగిలితే చిరుగుతుంది. డిస్కు చుట్టూ ఉన్న వలయం అలా కాదు. సైకిలు టైరు లోపల దారాలు పొరలు పొరలుగా, ఒక పొరకు ఇంకో పొర అడ్డంగా ఉండడం చూశారు కదా! డిస్కు వలయంలోని నారపొరలు కూడా అలాగే ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి. తల బరువంతా మీద పడినా లోపలి గుజ్జు బయటికి రాకుండా అవి పట్టి ఉంచుతాయి. డిస్కుకు పైనా కిందా పలుచని మృదులాస్థి పలకలు మూతల్లాగా ఉంటాయి.

డిస్కులో నీరుందని నమ్మకం కలగడం లేదా? అయితే మీ ఇంట్లోనే పరీక్షించండి. పొద్దున్న మంచం దిగిన వెంటనే గోడకు ఆనుకుని నిలబడి, ఎవరిచేతనైనా మీ ఎత్తుకు గీత పెట్టించండి. మళ్ళీ రాత్రి పడుకోబోయే ముందు అదే చోట, అదే మనిషి చేత గీత పెట్టించండి. రెండవ గీత కిందికి ఉంటుంది. ఒక సెంటీమీటరు వరకు కూడా తేడా రావచ్చు. పగలంతా నిలబడి, నడిచి, బరువు మోస్తే 23 డిస్కులలోని నీరు కొద్దికొద్దిగా బయటికి పిండుకుపోతుంది. రాత్రి పడుకున్నప్పుడు మళ్ళీ లోపలికి చేరుతుంది. ఈ రాకపోకలతో పాటే డిస్కుకు ఆహారం కూడా అందుతుంది. రక్తనాళాలు నేరుగా గుజ్జులోకి రావు కనుక దానికి కావలసినవన్నీ మృదులాస్థి పలకల గుండా ఊరుతూ రావలసిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

ఇంతకూ ఎక్స్‌రేలో డిస్కు ఎందుకు నల్లని ఖాళీగా కనిపిస్తుంది? 1895 నవంబరులో జర్మనీలో రంట్‌జన్ ఈ కిరణాలను కనుగొన్న కొద్ది వారాలకే తన భార్య చేతిని వాటితో ఫొటో తీశాడు. వేళ్ళ ఎముకలూ, ఉంగరమూ స్పష్టంగా వచ్చాయి. కండ నీడలాగా మాత్రమే వచ్చింది. ఎముకలో ఉన్న కాల్షియం ఈ కిరణాలను బాగా అడ్డుకుంటుంది, నీరూ మాంసమూ అంతగా అడ్డుకోలేవు. డిస్కులో ఉన్నది నీరూ, జిగురూ, నారా. కనుక ఫిల్ము మీద అది ఖాళీ చోటులాగా కనిపిస్తుంది. అలాంటి చోట తెల్లని చుక్క కనిపించిందంటే అక్కడికి కాల్షియం వచ్చి చేరిందన్నమాట.

సున్నం కట్టిన డిస్కు

బోరునీరు కాచే గిన్నె అడుగున కొన్నాళ్ళకు తెల్లగా పెచ్చు కడుతుంది. సున్నం కట్టింది అంటారు మన అమ్మలు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు వేడికి విడిపోయి గిన్నెకు అంటుకోవడమే అది. మన రక్తంలో కూడా ఎప్పుడూ కాల్షియం కరిగి ఉంటుంది. 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో దాదాపు 10 మిల్లీగ్రాములు. ఫాస్ఫేట్ కూడా ఉంటుంది. ఆ రెండూ కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది, ఎముక గట్టిదనమంతా దానివల్లనే. మరి మన రక్తనాళాలూ, కండరాలూ, చర్మమూ గిన్నెలాగా సున్నం కట్టిపోవలసింది కదా! ఎందుకు కట్టడం లేదు?

ఈ ప్రశ్నకు దొరికిన సమాధానంలో ఒక భాగం చాలా తమాషాగా ఉంటుంది. నీటిగొట్టాలలో సున్నం కట్టకుండా ఉండడానికి కొన్ని రకాల ఫాస్ఫేట్లను అతి కొద్దిగా కలపడం ఇంజనీర్లకు ముందు నుంచీ తెలుసు. 1960 ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్లైష్ అనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త, మన శరీరం కూడా అదే ఉపాయం పన్నుతున్నదని తెలుసుకున్నాడు. రక్తంలోనూ మూత్రంలోనూ పైరోఫాస్ఫేట్ అనే పదార్థం ఉండి, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పెరగకుండా అడ్డుకుంటున్నది. అంటే గొట్టాల మరమ్మతు చేసేవారి కిటుకు మన ఒంట్లో ఎప్పటినుంచో ఉన్నదన్నమాట. ఎముక తయారయ్యే చోట్ల మాత్రం శరీరం ఈ అడ్డును తొలగించి, కాల్షియాన్ని దిగనిస్తుంది. అందుకే ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకలలోనూ, దంతాలలోనూ ఉంది.

ఈ కాపలా ఎక్కడో ఒకచోట తప్పిందనుకోండి, ఎముక కాని చోట కూడా కాల్షియం దిగుతుంది. పిల్లలలో కొందరికి అరుదుగా మెడ డిస్కులోని గుజ్జులో ఇలా జరుగుతుంది. తాటిచెట్టు మీదనే వదిలేసిన కాయలో ముంజ ముదిరి పంటికి లొంగనంత గట్టిపడినట్టు, డిస్కు నడుమనున్న గుజ్జు గట్టిపడుతుంది.

పెద్దల వెన్నులో ఇలాంటి గట్టిదనం ఉంటుందని 1858లోనే లూష్కా అనే జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. చనిపోయినవారి వెన్నును కోసి చూసి చెప్పిన మాట అది. బతికి ఉన్న పిల్లవాడి డిస్కులో దీనిని చూసి, దాని గురించి మొదట రాసింది 1924లో, బారన్ అనే వైద్యుడు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ప్రపంచంలోని వైద్య పత్రికలన్నింటిలో కలిపి కొన్ని వందల మంది పిల్లల వివరాలు మాత్రమే వచ్చాయి. ఎంత అరుదో మీరే ఊహించుకోండి. ఒక ఊరి డాక్టరు ఉద్యోగ జీవితమంతటిలోనూ ఒక్కటి కూడా చూడకపోవచ్చు.

ఇది ఎక్కువగా 5 నుంచి 12 ఏళ్ళ మధ్య పిల్లలకు వస్తుంది. ఆడపిల్లల కన్నా మగపిల్లలలో కాస్త ఎక్కువ. మెడ కింది సగంలో ఉన్న డిస్కులలోనే ఎక్కువగా కనిపిస్తుంది, కొందరిలో ఒకటికి మించి ఉంటాయి. ఉన్నట్టుండి మెడ నొప్పి మొదలవుతుంది. తల ఒక పక్కకు వాలిపోతుంది. తిప్పబోతే కేక పెడతారు. కొందరికి కొద్దిపాటి జ్వరం ఉంటుంది. కొందరు అంతకు ముందు కింద పడ్డామనో, జలుబు చేసిందనో చెబుతారు. చాలామందికి అలాంటిదేమీ ఉండదు. ఎందుకు వస్తుంది అన్నదానికి వైద్యశాస్త్రం దగ్గర ఇప్పటికీ ఖాయమైన సమాధానం లేదు.

ఎందువల్ల కాదో మాత్రం తెలుసు. పాలు ఎక్కువ తాగడంవల్ల కాదు. ఈ పిల్లల రక్తం పరీక్షిస్తే కాల్షియం ఉండవలసినంతే ఉంటుంది. కనుక మెడలో సున్నం చేరిందని విని, భయపడి, పిల్లలకు పాలూ పెరుగూ మానిపించే పెద్దలు ఉంటే, అలా చేయవద్దని మీరే చెప్పాలి. పాలు మానేసినా మెడలోని చుక్క కరగదు, పెరిగే ఎముకలకు అందవలసినది మాత్రం అందకుండా పోతుంది.

అది నల్గొండ జబ్బేనా?

ఈ విషయం తరగతిలో చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, నల్గొండలో కొంతమందికి మెడ తిరగదట కదా! అది ఇదేనా?" అని అడిగింది. మంచి ప్రశ్న. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎక్స్‌రేలో రెండింటిలోనూ ఉండకూడని చోట తెలుపు కనిపిస్తుంది. లోపలి కథ మాత్రం పూర్తిగా వేరు.

1937లో షార్ట్ అనే వైద్యాధికారీ, ఆయన సహచరులూ ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఒక విచిత్రమైన జబ్బు గురించి రాశారు. ఆ పల్లెల పిల్లల పళ్ళ మీద మచ్చలు. నడివయసు వచ్చేసరికి పెద్దల నడుమూ మెడా కర్రలాగా బిగుసుకుపోయేవి. వెనక్కి చూడాలంటే మనిషే తిరగాలి. కారణం తాగే నీరు. భూగర్భంలోని రాళ్ళ నుంచి ఫ్లోరైడు ఆ బావులలోకి చేరుతున్నది. మన దేశంలో మనుషుల ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వర్ణన అదే. తెలుగునేల మీద నుంచే అది లోకానికి తెలిసింది. తరువాత నల్గొండ జిల్లాలో మర్రిగూడ ప్రాంతపు పల్లెలు ఈ బాధకు మారుపేరుగా నిలిచాయి. అక్కడ పిల్లలకు కూడా కాళ్ళు వంకరపోయాయి.

ఫ్లోరోసిస్‌లో గట్టిపడేది డిస్కులోని గుజ్జు కాదు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే సంధిబంధనాలు కాల్షియంతో నిండి ఎముకలాగా మారిపోతాయి. అది ఏళ్ళ తరబడి నీరు తాగితే వచ్చేది, ఒక్కరికి కాక ఊరందరికీ వచ్చేది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఆ నీటిని శుద్ధి చేయడానికి 1970లలో నాగపూరు పరిశోధకులు రూపొందించిన పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు వచ్చింది. అందులో వాడేవి పటిక, బ్లీచింగ్ పౌడరు, ఇంకా మన సున్నం! పటికకు తోడుగా సున్నం కలిపితే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కు దిగుతుంది. ఒకసారి బిగిసిన మెడ మాత్రం మంచినీరు తాగినా తిరిగి వదులు కాదు. ముందే నీరు మార్చుకోవలసిందే తప్ప తరువాత చేయగలిగేది చాలా తక్కువ.

ఇక్కడే మన తెల్లని చుక్క అసలు వింత బయటపడుతుంది.

ముదిరిన ముంజ మళ్ళీ లేతదవుతుందా?

తాటికాయలో అయితే కాదు. పిల్లల మెడలో అవుతుంది!

డిస్కులో కాల్షియం చేరిన పిల్లలకు డాక్టర్లు చేసేది చాలా తక్కువ. కొన్నాళ్ళు విశ్రాంతి, నొప్పి తగ్గడానికి మందు, మెడ చుట్టూ మెత్తని పట్టీ. అంతే. సూదులు లేవు, పథ్యాలు లేవు. ఎక్కువమందికి కొద్ది వారాలలోనే నొప్పి పోతుంది. ఆరు నెలలు గడిచేసరికి దాదాపు అందరూ మామూలుగా తిరుగుతుంటారు. మధ్య మధ్య ఎక్స్‌రే తీసి చూస్తే తెల్లని చుక్క అంచులు చెదిరి, పలుచనై, ముక్కలై, కొన్ని నెలలకో, ఒకటి రెండేళ్ళకో కనిపించకుండా పోతుంది. ఎవరూ తీయలేదు, ఏ మందూ కరిగించలేదు. శరీరమే తాను తప్పు చోట దింపిన సరుకును తానే ఎత్తుకుపోయింది.

కాల్షియాన్ని ఎముక నుంచి వేరు చేయడం ఎంత నెమ్మదైన పనో తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. శుభ్రంగా కడిగిన సన్నని కోడికాలి ఎముకను ఒక గాజుసీసాలో వేసి, మునిగేలా వెనిగరు పోసి మూత పెట్టండి. రెండు రోజులకొకసారి వెనిగరు మార్చండి. వారం పది రోజులు పోయాక తీసి వంచి చూడండి. విరగడానికి బదులు రబ్బరులాగా వంగుతుంది. వెనిగరులోని ఆమ్లం కాల్షియం లవణాన్ని కరిగించి తీసుకుపోయింది, మిగిలింది నార మాత్రమే. మన ఒంట్లో వెనిగరు పోసేవారు లేరు. అక్కడ ఈ పని చేసేవి కణాలు. చెత్తను మింగే తెల్లకణాలు గట్టిపడిన ముద్దను కొద్దికొద్దిగా తిని, రక్తంలోకి చేరవేస్తాయి.

అయితే గుజ్జులోకి రక్తనాళాలు రావని ఇందాక చెప్పుకున్నాం కదా, కణాలు ఎలా వస్తాయి? చిన్నపిల్లలలో డిస్కు మూతలైన మృదులాస్థి పలకలలో సన్నని రక్తనాళాలు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి మూసుకుపోతాయి. అందువల్లనే పిల్లల డిస్కులోని కాల్షియం తిరిగి పోగలుగుతున్నదని, పెద్దల డిస్కులో చేరినది అలాగే ఉండిపోతున్నదని వైద్యులు భావిస్తున్నారు. దారి తెరిచి ఉన్న ఇంటికీ, తలుపులు మూసిన ఇంటికీ ఉన్న తేడా అనుకోండి.

ఇంకొక విచిత్రం ఉంది. ఛాతీకి తీసిన ఎక్స్‌రేలలో, ఏ నొప్పీ లేని పిల్లల వీపు డిస్కులలో కూడా ఒక్కోసారి ఇలాంటి చుక్కలు అనుకోకుండా కనిపిస్తాయి. అలా నొప్పి పెట్టని చుక్కలు చాలా కాలం ఉండిపోతాయి. నొప్పి పెట్టినవే త్వరగా మాయమవుతాయి! శరీరం ఆ ముద్దను తొలగించడం మొదలు పెట్టినప్పుడే వాపు వచ్చి నొప్పి పుడుతున్నదేమో అని కొందరి ఆలోచన. వీధి కాలువ పూడిక తీసే రోజునే కంపు ఎక్కువ కొడుతుంది, చూడండి, అలాగన్నమాట.

అయితే ఎప్పుడూ ఇంత సులువుగా గడవదు. అరుదుగా ఆ గట్టి ముద్ద వలయాన్ని తోసుకుని బయటికి వస్తుంది. ముందుకు వస్తే ఆహారనాళాన్ని నొక్కి మింగడం కష్టమవుతుంది. వెనక్కి వస్తే అక్కడ వెన్నుపాము ఉంది. చేతులకూ కాళ్ళకూ వెళ్ళే నాడులు అక్కడి నుంచే బయలుదేరుతాయి. అప్పుడు పిడికిలి పట్టు సడలుతుంది, నడక తూలుతుంది. డాక్టరుగారు మా కుర్రవాణ్ణి వేళ్ళు పిసకమన్నదీ, నడవమన్నదీ, మోకాలి మీద సుత్తితో కొట్టినదీ దీనికోసమే! అలాంటివారికి ఇంకా వివరమైన పరీక్షలు చేస్తారు, ఎక్కడో ఒకరికి ఆపరేషను కూడా అవసరం కావచ్చు.

అసలు మెడ పట్టేసిన పిల్లవాణ్ణి చూడగానే డాక్టరు మొదట తలుచుకునేది ఈ చుక్కను కాదు, అంతకన్నా చెడ్డవాటిని. జ్వరం, వాంతులు, భరించలేని తలనొప్పి, గడ్డం రొమ్ముకు ఆనకపోవడం, ఇవన్నీ కలిసి వస్తే అది మెదడు పొరల వాపు కావచ్చు. అప్పుడు తెల్లవారే దాకా కూడా ఆగకూడదు. వారాల తరబడి సన్నని జ్వరం, ఒళ్ళు తగ్గిపోవడం, రాత్రిపూట నొప్పితో ఉలిక్కిపడి లేవడం ఉంటే వెన్నుపూసకు క్షయ సోకిందేమో చూడాలి. లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో వర్ణించాడు గనుక దానికి పాట్ జబ్బు అని పేరు. క్షయ అనగానే ఊపిరితిత్తులే గుర్తుకువస్తాయి గాని, వెన్నును కూడా అది తినేస్తుంది. ఎక్స్‌రేలో అక్కడ చుక్క చేరదు, పైపెచ్చు ఎముకే అరిగిపోయి రెండు పూసల మధ్య ఖాళీ తగ్గిపోతుంది. దానికి నెలల తరబడి, ఒక్క రోజు కూడా మానకుండా మందులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో అవి ఉచితంగా ఇస్తారు. చూడండి, ఒకే వంకర మెడ! ఒకదానికి ఏమీ చేయకుండా ఉండడమే వైద్యం, ఇంకొకదానికి ఏమీ చేయకపోతే ప్రమాదం. బయటి నుంచి చూసి ఏది ఏదో చెప్పడం మీకూ నాకూ సాధ్యం కాదు.

ఇక సెలూను సంగతి. మెడను పట్టి గబుక్కున తిప్పితే టక్కుమని చప్పుడు వస్తుంది. జారిన ఎముక తన చోటికి వచ్చిందని మనవాళ్ళ నమ్మకం. నిజానికి ఆ చప్పుడు కీలులోని ద్రవంలో వాయుబుడగ ఏర్పడినప్పుడు వచ్చేది. వేళ్ళు విరుచుకుంటే వచ్చేదీ అదే. ఎముక ఎక్కడికీ జరగలేదు, ఎక్కడికీ రాలేదు. మెడ పూసలకు మరే పూసలకూ లేని ఒక ప్రత్యేకత ఉంది. వాటి రెండు పక్కలా రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాల గుండా, సూదిలో దారంలాగా, మెదడుకు రక్తం తీసుకుపోయే రెండు ధమనులు పైకి వెళ్తాయి. గట్టిగా మెలితిప్పినప్పుడు ఆ ధమని లోపలి గోడ చిరిగి, మెదడుకు రక్తం అందక పక్షవాతం వచ్చినవాళ్ళు ఉన్నారు. బాగున్న మెడకే ఈ ప్రమాదం ఉంటే, క్షయతో అరిగిన పూస ఉన్న మెడనో, గట్టిపడిన డిస్కు వెన్నుపాము వైపు తోసుకువస్తున్న మెడనో అలా తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇదంతా ఆ నాయనమ్మకు కూడా చెప్పాను. సగం నమ్మింది, సగం నమ్మలేదు. "మా మావయ్య అరవయ్యేళ్ళు విరిపించుకున్నాడు, ఏటీ కాలేదు" అంది. మనవడు మాత్రం బాగా విన్నాడు. ఇప్పుడు వాడు తొమ్మిదో తరగతి. క్షవరానికి కూర్చుంటే గుడ్డ కప్పించుకోకముందే, "అన్నా, జుట్టు నీ ఇష్టం గాని మెడ ముట్టుకోవద్దు" అని చెబుతాడట.